రీఫిల్ కార్ట్రిడ్జ్‌లకి లేబుళ్ళు: ఏది ఏ ఫ్లేవరో, ఎంత స్ట్రాంగో తికమక పడకుండా గుర్తు పెట్టుకోవడం ఎలా

ఒకే మోడల్ ఇ-సిగరెట్ (వేప్) రీఫిల్ కార్ట్రిడ్జ్‌లు, అంటే పాడ్‌లు, నాలుగు తీసుకుని, నాలుగింట్లో నాలుగు ఫ్లేవర్లు నింపి బల్ల మీద పెట్టండి. నింపిన ఐదు నిమిషాల దాకా అన్నీ గుర్తుంటాయి. మర్నాడు పొద్దున చూస్తే నాలుగూ కవల పిల్లలే. మింట్ అనుకుని లాగితే కాఫీ వస్తుంది, సరే, అదేం పెద్ద నష్టం కాదు. కానీ మిల్లీలీటరుకి 3 మిల్లీగ్రాముల నికోటిన్ ఉందనుకుని 50 ఉన్నది లాగితే మాత్రం తల తిరుగుతుంది, కడుపులో తిప్పుతుంది, గుండె దడ మొదలవుతుంది. కాబట్టి ఈ లేబుళ్ళ గొడవంతా రుచి కోసమే అనుకోకండి. లేబుల్ ముందు చెప్పాల్సింది స్ట్రెంగ్త్, ఆ తర్వాతే ఫ్లేవర్.

ఇది ఇప్పటికే వాడుతున్న పెద్దవాళ్ళ కోసం రాస్తున్నది. అలవాటు లేనివాళ్ళు కొత్తగా మొదలుపెట్టాల్సిన పనేమీ లేదు, నికోటిన్ ఒకసారి పట్టుకుంటే అంత తేలిగ్గా వదలదు. భారత్‌తో సహా కొన్ని దేశాల్లో వీటి అమ్మకం, దిగుమతి నిషేధం కూడా. మీరున్న చోట చట్టం ఏమంటుందో మీరే చూసుకోవాలి.

రంగు చూసి, వాసన చూసి గుర్తుపడతాననేవాళ్ళకి

"నాకు లేబుల్ అక్కర్లేదు, రంగు చూస్తే తెలిసిపోతుంది" అనేవాళ్ళు ప్రతిచోటా ఉంటారు. మొదటి రెండు మూడు రోజులు వాళ్ళు చెప్పింది నిజమే. ఆ తర్వాత తేడా కొడుతుంది, ఎందుకంటే నికోటిన్‌కి గాలి, వెలుతురు తగిలితే అది ఆక్సిడైజ్ అయి లిక్విడ్ మెల్లగా పసుపు, ఆ పైన గోధుమ రంగులోకి తిరుగుతుంది. వెనిలా ఫ్లేవర్లలో ఉండే వెనిలిన్ వల్ల రంగు ఇంకా తొందరగా ముదురుతుంది. దాని పైన కాయిల్ (లిక్విడ్‌ని ఆవిరి చేసే తీగచుట్ట) వేడికి తీపి పదార్థాలు మాడి పాడ్ లోపలి లిక్విడ్‌ని ఇంకొంచెం నల్లబరుస్తాయి. నింపినరోజు నీళ్ళలా ఉన్న వెనిలా వారం తిరిగేసరికి పొగాకు ఫ్లేవర్ రంగులో కనబడుతుంది. ఇంక రంగుతో ఏం గుర్తుపడతారు?

వాసన సంగతి అంతకంటే అన్యాయం. రెండు మూడు పాడ్‌లు వరసగా వాసన చూసేసరికి ముక్కు మొద్దుబారిపోతుంది, పైగా మౌత్‌పీస్ దగ్గర నిన్నటి ఫ్లేవర్ వాసన పట్టి ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, నికోటిన్ ఎంతుందో రంగూ చెప్పదు, వాసనా చెప్పదు.

"అన్ని పాడ్‌లెందుకు, ఒకటే కడిగి వాడుకుంటే పోలా" అనొచ్చు. లోపలున్న దూది పాత రుచిని పట్టుకుని కూర్చుంటుంది. మింట్, మెంథాల్, సోంపు రకం ఘాటు ఫ్లేవర్లయితే కొత్తది ఎంత నింపినా వెనకాలే పాతది తగులుతూ ఉంటుంది. అందుకే ఫ్లేవర్‌కో పాడ్ పెట్టుకోవడమే సుఖం, అలా పెట్టుకున్న రోజునుంచే లేబుల్ అవసరం మొదలవుతుంది.

ఏం రాయాలి

పాడ్ మీద మనకి దొరికే చోటు బొటనవేలి గోరంత. అందులో అన్నీ ఇరికిస్తే ఏదీ కనబడదు. మూడే మూడు చాలు: నికోటిన్ అంకె, ఫ్లేవర్‌కి ఒక అక్షరం, కాయిల్ మొదలుపెట్టిన తేదీ. చోటు సరిపోకపోతే తేదీని వదిలేయండి, అంకెని మాత్రం వదలొద్దు.

నికోటిన్ అంకె రాసేటప్పుడు ఒకే కొలత పట్టుకోండి. కొన్ని సీసాల మీద శాతంలో ఉంటుంది, కొన్నిటి మీద మిల్లీలీటరుకి ఇన్ని మిల్లీగ్రాములని ఉంటుంది. లెక్క చిన్నదే, శాతాన్ని పదితో గుణిస్తే దాదాపు మిల్లీగ్రాములు వచ్చేస్తాయి, 2 శాతం అంటే 20, 5 శాతం అంటే 50. ఒక పాడ్ మీద 5 అని శాతం రాసి, పక్కదాని మీద 6 అని మిల్లీగ్రాములు రాస్తే, చూసినవాడికి రెండూ ఇంచుమించు ఒకటే అనిపిస్తుంది, నిజానికి మొదటిది ఎనిమిది రెట్లకి పైగా ఘాటు. అంతటా మిల్లీగ్రాములే రాయండి. యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో అమ్మే లిక్విడ్‌కి మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములే హద్దు, వేరే చోట్ల 50 దాకా దొరుకుతాయి, అంచేత సీసా ఎక్కడిదో తెలియకుండా "మామూలుగా ఉండేదేలే" అని ఊహించి రాయకూడదు. నికోటిన్ అసలు లేని లిక్విడ్ అయినా సరే 0 అని రాయండి. ఖాళీగా వదిలేస్తే లేదనా, రాయడం మర్చిపోయారనా?

సాల్ట్ నికోటిన్ (యాసిడ్ కలిపి ఘాటు తగ్గించిన రకం), మామూలు నికోటిన్ రెండూ వాడేవాళ్ళు అంకె కింద చిన్న గీత పెట్టి సాల్ట్ అని గుర్తు పెట్టుకోవచ్చు. సాల్ట్ రకం గొంతులో అంతగా గుచ్చుకోదు, కాబట్టి ఎక్కువ లాగేస్తున్నామని గొంతు హెచ్చరించదు. ఎక్కువ పొగ వచ్చే పెద్ద డివైజ్‌లో 3, 6 పోసేవాళ్ళు పొరపాటున అందులో 50 సాల్ట్ పోస్తే సమస్య అక్కడే వస్తుంది.

అక్షరం ఎంచుకోవడంలో ఒక చిక్కుంది. తెలుగు అక్షరాలు మూడు మిల్లీమీటర్ల ఎత్తులో చేత్తో రాస్తే ప, వ, మ, ఫ అన్నీ ఒకటే గుండ్రంలా తయారవుతాయి. మామిడికి మ, వెనిలాకి వ, పుచ్చకాయకి ప అని పెట్టుకున్నారంటే కొంచెం ఇంకు చెదిరాక మూడూ ఒకటే. దూరం నుంచి కూడా వేరుగా కనబడేవి పెట్టుకోండి, క, జ, ల, ట లాంటివి, మామిడికి జ పెట్టినా పరవాలేదు, మీకు గుర్తుంటే చాలు, గుర్తుండకపోతే చిట్టా ఎలాగూ ఉంటుంది (దాని సంగతి కింద). అంకెల్లో 6, 9 తలకిందులైతే ఒకటి ఇంకొకటవుతుంది, పాడ్ చేతిలో ఎటైనా తిరుగుతుంది కదా, అందుకని రెండిటికీ కింద అడ్డగీత వెయ్యండి. ఇప్పుడు సాల్ట్‌కి కూడా గీతే పెట్టుకున్నామని గుర్తొచ్చిందా? అలాంటి గొడవలు మొదట్లోనే తేల్చుకోవాలి, సాల్ట్‌కి చుక్క, 6, 9లకి గీత, అలా.

ఎక్కడ అంటించాలి

చాలామంది లేబుల్ ఊడిపోయిందని గొడవ పెట్టేది జిగురు మీద, కానీ తప్పు చాలాసార్లు అంటించిన చోటుది. పాడ్‌ని చేతిలోకి తీసుకుని ఒకసారి చుట్టూ తిప్పి చూడండి. అడుగున డివైజ్ నుంచి కరెంటు అందుకునే బంగారు రంగు పిన్నులు, చాలా మోడళ్ళలో వాటి పక్కన అయస్కాంతాలు ఉంటాయి. అడుగునో పక్కనో గాలి వెళ్ళే చిన్న రంధ్రాలుంటాయి. ఒక పక్క సిలికాన్ మూత, దాని కింద నింపే కన్నం. పైన మౌత్‌పీస్. ఇవన్నీ పోగా మిగిలిందే మన చోటు.

పిన్నుల దగ్గర ఏమీ అంటించకూడదు, అది చెప్పక్కర్లేదు. గాలి రంధ్రం సగం మూసుకున్నా లాగడం బిగుసుకుపోతుంది, కొన్ని డివైజ్‌లు గాలి కదలికని బట్టే ఆన్ అవుతాయి కాబట్టి అసలు పని చెయ్యడమే మానేస్తాయి, లేబుల్ వల్లనని తట్టక డివైజ్ పాడైందనుకుంటారు. డివైజ్ లోపలికి దిగే భాగం మీద కూడా వద్దు. ఆ గాడి చాలా బిగువుగా ఉంటుంది, లేబుల్ మందం అక్కడ అడ్డం పడి పాడ్ పూర్తిగా కూర్చోదు, పిన్నులు అందవు, లేదంటే బలవంతంగా తోస్తే లేబుల్ చెంగు ముడుచుకుని లోపలే ఉండిపోతుంది. పైగా లోపలికి వెళ్ళిపోయిన లేబుల్ కనబడదు, కనబడని లేబుల్ ఎందుకు?

మౌత్‌పీస్ మీద ఇంకు, జిగురు, పెయింట్ ఏదీ వద్దు. పెదాలు తగిలే చోటు, ఉమ్మి తగిలే చోటు, కొన్ని మార్కర్లలో వాడే ద్రావకాలు నోట్లోకి పోవడానికి తగినవి కావు.

ఇక మిగిలింది డివైజ్ పైకి, మౌత్‌పీస్ కిందికి మధ్యలో కనబడే సన్నని భుజం. పాడ్‌ని డివైజ్‌లో పెట్టి, డివైజ్ అంచు ఎక్కడ ఆగుతుందో పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకోండి. ఆ గీతకి పైన, నింపే కన్నానికి ఎదురు పక్కన అంటించడం ఉత్తమం, ఎందుకంటే కన్నం ఉన్న వైపు ఎంత జాగ్రత్తగా నింపినా ఒక చుక్క కారుతుంది, టిష్యూతో తుడుస్తాం, ప్రతి తుడుపుకీ లేబుల్ కొంచెం కొంచెం పోతుంది. లిక్విడ్ ఎంతుందో చూసే కిటికీని పూర్తిగా కప్పేయకండి. లిక్విడ్ అయిపోయిన సంగతి తెలియక లాగితే దూది మాడుతుంది, ఆ పాడ్ ఇంక పారెయ్యడమే. కంపెనీవాళ్ళు కాయిల్ రెసిస్టెన్స్, 0.8 అనో 1.2 అనో, పాడ్ మీదే అచ్చు వేసి ఉంటే దాన్నీ కప్పొద్దు.

కొన్ని మోడళ్ళలో ఆ భుజమే ఉండదు, మౌత్‌పీస్ తప్ప అంతా లోపలికి దిగిపోతుంది. వాటికి మందం లేని గుర్తు ఒకటే దారి, అంటే పాడ్ ఒంటి మీద మార్కర్‌తో నేరుగా రాసెయ్యడం, దాంతోపాటు బయట ఉన్నప్పటి కోసం మౌత్‌పీస్‌కి తొడిగే రంగు రంగుల సిలికాన్ మూతలు. గుండ్రటి గాజు ట్యాంకులకైతే సన్నని టేపు చుట్టూ తిప్పి రెండు కొసల్నీ ఒకదానికొకటి అంటిస్తే చిన్న జెండాలా నిలబడుతుంది, దాని మీద రెండు వైపులా రాసుకోవచ్చు, గాజు కూడా పూర్తిగా కప్పబడదు. జేబులో పెట్టుకునేవాళ్ళకి ఆ జెండా పనికిరాదనుకోండి, ఇంట్లో వాడేవాటికి బాగుంటుంది.

దేంతో రాయాలి, దేని మీద రాయాలి

ఇక్కడ శత్రువు ఎవరో తెలుసుకుంటే సగం పని అయిపోయినట్టే. లిక్విడ్‌లో ఎక్కువ భాగం ప్రొపిలీన్ గ్లైకాల్, వెజిటబుల్ గ్లిజరిన్. ఇందులో ప్రొపిలీన్ గ్లైకాల్ మంచి ద్రావకం, అంటే ఇంకుల్ని కరిగిస్తుంది, కొన్ని జిగుర్లని మెత్తబరుస్తుంది. గ్లిజరిన్ చిక్కగా, జారుడుగా ఒక పొరలా పట్టి ఉంటుంది, దాని మీద ఏదీ అంటుకోదు. మనం వాడే లేబుల్ ఈ రెండిటికీ, చేతి చెమటకీ, తుడిచే స్పిరిట్‌కీ తట్టుకోవాలి.

కాగితం స్టిక్కర్ ఒక చుక్క తగిలితే నూనె పడ్డ కాగితంలా పారదర్శకమైపోతుంది, వదిలెయ్యండి. బిల్లింగ్ మెషీన్లలో వచ్చే థర్మల్ స్టిక్కర్లు ఇంకా దారుణం, వాటి మీద అచ్చు వేడితో పుడుతుంది, వేడితోనే, స్పిరిట్‌తోనే పాడవుతుంది కూడా, ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే నల్లబడిపోతుంది. వినైల్, పాలిప్రొపిలీన్, పాలియెస్టర్ స్టిక్కర్లు సరైనవి. లేబుల్ మెషీన్ ఉంటే లామినేటెడ్ టేపు అన్నిటికంటే మేలు, అక్షరాలు పైపొర కింద ఉంటాయి కాబట్టి లిక్విడ్ తగిలేది ప్లాస్టిక్‌కే, ఇంకుకి కాదు. 3.5 మిల్లీమీటర్ల వెడల్పువి కూడా వస్తాయి, పాడ్‌కి అంతకంటే వెడల్పు అక్కర్లేదు.

పర్మనెంట్ మార్కర్ పేరులో పర్మనెంట్ ఉంది గానీ, దాని ఇంకు ఆల్కహాల్‌లో కరిగించి చేసింది. స్పిరిట్‌తో తుడిస్తే ఒక్క దెబ్బకి పోతుంది, ప్రొపిలీన్ గ్లైకాల్‌కి నెమ్మదిగా పోతుంది. అంచేత స్టిక్కర్ మీద మార్కర్‌తో రాస్తే పైన పారదర్శకమైన టేపు వెయ్యాలి, అది కూడా ఇంకు పూర్తిగా ఆరాకే, తడి ఇంకు మీద టేపు వేస్తే అక్షరాల అంచులు ఉబ్బి అలుక్కుపోతాయి.

చాలామందికి తట్టని సాధనం ఒకటుంది, మామూలు పెన్సిల్. పెన్సిల్‌లో ఉండేది గ్రాఫైట్, అది ఆల్కహాల్‌లో కరగదు, గ్లైకాల్‌లో కరగదు. పాథాలజీ ల్యాబ్‌లలో గాజు స్లైడ్ల గరుకు కొస మీద పెన్సిల్‌తో ఎందుకు రాస్తారనుకున్నారు? ఆ స్లైడ్లు ఆల్కహాల్‌లోనూ ఇంకా ఘాటైన ద్రావకాల్లోనూ మునిగి తేలాలి, పెన్ను ఇంకు అయితే కొట్టుకుపోతుంది. కొంచెం గరుకుగా, మసగ్గా ఉండే టేపు దొరుకుతుంది చూడండి, రాసుకోవడానికి వీలైనది, దాని మీద పెన్సిల్‌తో గట్టిగా రాసి, పైన ఇంకో పొర టేపు వేస్తే ఖర్చు లేకుండా గట్టి లేబుల్ తయారు. గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది కాబట్టి పెన్సిల్ పొడి పిన్నుల మీద పడకుండా చూసుకోండి, అంతే.

నెయిల్ పాలిష్ చుక్క పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. చూడ్డానికి చక్కగా ఉంటుంది, చెరగదు కూడా. కానీ అందులో ఇథైల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్ ఉంటాయి, ఇవి పాలికార్బొనేట్, యాక్రిలిక్ ప్లాస్టిక్‌లని తినేస్తాయి, సన్నని పగుళ్ళు వస్తాయి, ఆ పగుళ్ళలోంచి కారుతుంది. మీ పాడ్ ఏ ప్లాస్టికో డబ్బా మీద రాసి ఉంటే తప్ప తెలియదు. లోహపు భాగం మీదైతే పెట్టుకోండి, ప్లాస్టిక్ మీద వద్దు. నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం దగ్గరికి కూడా రానివ్వొద్దు, అసిటోన్ అలాంటి ప్లాస్టిక్‌ని కళ్ళముందే తెల్లగా మసకేసి పగలగొడుతుంది. ప్లాస్టిక్ మాట వచ్చింది కాబట్టి ఒకటి, నిమ్మ, నారింజ జాతి ఫ్లేవర్లు, దాల్చినచెక్క ఫ్లేవర్లు వాటంతట అవే కొన్ని ప్లాస్టిక్ ట్యాంకుల్ని పగలగొడతాయి. చిట్టాలో అలాంటి ఫ్లేవర్ పక్కన చిన్న గుర్తు పెట్టుకుని గాజు ట్యాంకుకో, వాటికి తట్టుకునే పాడ్‌కో మాత్రమే కేటాయించండి.

పిన్నుతో గీకి చెక్కడం, ఆకురాయితో గాటు పెట్టడం లాంటివి కూడా వద్దు. గాటు పెట్టిన చోట ప్లాస్టిక్ బలహీనపడుతుంది, రాలిన పొడి లోపలికి పోతే పీల్చేది మీరే.

ఇక పని మొదలు

లేబుల్ ఖాళీ పాడ్‌కే అంటించాలి, నింపాక కాదు. నింపాక చేతులు జిగటగా ఉంటాయి, పాడ్ మీద పొర ఉంటుంది, పైగా "రెండు నింపేశాక రాద్దాంలే" అనుకున్న ఆ రెండు నిమిషాల్లోనే ఏది ఏదో మారిపోతుంది.

మొదట పాడ్ బయటివైపు పొడి టిష్యూతో తుడవండి. తర్వాత సబ్బు నీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో ఒకసారి, తర్వాత ఉత్త నీళ్ళ గుడ్డతో ఒకసారి. ఆఖర్న లేబుల్ వచ్చే ఆ చిన్న చోటుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన ఇయర్‌బడ్‌తో ఒక్కసారి రుద్ది వదిలెయ్యండి, తడిసి ముద్దయ్యేలా పొయ్యొద్దు, అద్దితే చాలు. కొన్ని ప్లాస్టిక్‌లకి ఆల్కహాల్ కూడా పడదు, పాత పాడ్ ఒకటి ఉంటే ముందు దాని మీద రుద్ది చూసుకోవడం మంచిది. అదీ ఆరాక ఇంక ఆ చోట వేలు పెట్టకండి. వేలిముద్రలో ఉండే జిడ్డు చాలు అంచు లేవడానికి.

లేబుల్‌ని కత్తిరించేటప్పుడు నాలుగు మూలలూ గుండ్రంగా కొయ్యండి. చిన్న పనిలా కనబడుతుంది గానీ తేడా చాలా ఉంటుంది, ఏ స్టిక్కరైనా ముందు లేచేది పదునైన మూల దగ్గరే, జేబులో బట్ట తగిలేదీ, వేలు గీరేదీ అక్కడే. ఇప్పుడు సూది మొనతోనో ట్వీజర్స్‌తోనో స్టిక్కర్ ఒక అంచు పట్టుకుని, ఇంకో అంచుని ముందు అంటించి, మెల్లగా దించుకుంటూ రండి, మధ్యలో గాలి చిక్కకుండా. బొటనవేలితో అరనిమిషం నొక్కి పట్టుకోండి. జిగురుకి బలం అంటించగానే రాదు, పూర్తి పట్టు దొరకడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, కాబట్టి రేపు కావాల్సిన పాడ్‌లకి ఇవాళే లేబుల్ వేసుకుంటే గట్టిగా ఉంటుంది. తొందరైతే కనీసం ఓ గంట ఆగండి.

అదే కోడ్‌ని సీసా మీద కూడా రాయాలి. ఇది మానేసేవాళ్ళే ఎక్కువ. పాడ్ మీద జ 20 అని ఉంటే, మళ్ళీ నింపేటప్పుడు షెల్ఫ్‌లో జ 20 అని రాసి ఉన్న సీసా వెతికి తీయాలి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుని పొయ్యాలి. అప్పుడు మామిడికి జ ఎందుకు పెట్టామని ఆలోచించాల్సిన అవసరం కూడా ఉండదు.

నింపేది కూడా ఒకేసారి ఒకటే. ఒక సీసా మూత తీశాం, ఒక పాడ్ నింపాం, మూత పెట్టాం, అప్పుడు రెండోది. నాలుగు సీసాల మూతలు తీసి వరసగా పోసుకుంటూ పోతే లేబుల్ ఎంత బాగున్నా లోపలున్నది వేరేదవుతుంది. లిక్విడ్ చేతి మీద పడితే వెంటనే సబ్బుతో కడుక్కోండి, నికోటిన్ చర్మం గుండా కూడా లోపలికి వెళ్తుంది. చేతి తొడుగులు వేసుకుంటే ఇంకా మంచిది, ముఖ్యంగా 50 దగ్గర.

నింపాక దూది బాగా నానడానికి ఓ పది నిమిషాలు ఆగాలి కదా. ఆ పది నిమిషాల్లో చిట్టా రాసెయ్యండి.

చిట్టా

ఫోన్ నోట్స్‌లో అయినా, అలమర తలుపు లోపల అంటించిన కాగితమైనా సరే. కోడ్, ఫ్లేవర్ పూర్తి పేరు, నికోటిన్, సాల్టా మామూలా, గ్లైకాల్-గ్లిజరిన్ పాళ్ళు, కాయిల్ మొదలైన తేదీ. పాళ్ళు ఎందుకంటే, గ్లిజరిన్ ఎక్కువున్న చిక్కటి లిక్విడ్‌ని చిన్న పాడ్‌లో పోస్తే దూది తొందరగా పీల్చుకోలేక మాడుతుంది, పల్చటిదాన్ని పెద్ద కాయిల్‌లో పోస్తే కారుతుంది, ఒకసారి జరిగాక ఏ పాళ్ళతో జరిగిందో రాసి ఉంటే రెండోసారి జరగదు. తేదీల వరస చూస్తే ఇంకో సంగతి దానంతటదే తెలుస్తుంది, సుక్రలోజ్ లాంటి తీపి ఎక్కువున్న ఫ్లేవర్లకి కాయిల్ ఎంత తొందరగా పోతోందో, మింట్‌కి ఎన్నాళ్ళు వస్తోందో.

ఒక కోడ్ ఒకసారి ఒక ఫ్లేవర్‌కి ఇచ్చాక మార్చకండి. ఆ ఫ్లేవర్ కొనడం మానేసినా కొన్నాళ్ళు ఆ అక్షరాన్ని వేరేదానికి ఇవ్వొద్దు, డ్రాయర్ మూలలో పాత పాడ్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

రంగులు, చీకటి

రంగు స్టిక్కర్లు బాగుంటాయి, చూడగానే తెలుస్తుంది. అయితే రంగుని ఫ్లేవర్‌కి కాకుండా స్ట్రెంగ్త్‌కి కేటాయించమంటాను. ఫ్లేవర్లు పెరుగుతూనే ఉంటాయి, రంగులు అయిపోతాయి, స్ట్రెంగ్త్‌లు మాత్రం ఎవరికైనా రెండో మూడో ఉంటాయి. తెలుపు 0, నీలం తక్కువది, నారింజ ఎక్కువది, అంతే. ఎరుపు, ఆకుపచ్చ జంటగా వాడకండి, మగవాళ్ళలో కొంతమందికి ఆ రెండూ వేరుగా కనబడవు, రాత్రిపూట పసుపు లైటు కింద మామూలు కళ్ళకి కూడా నీలం, ఆకుపచ్చ కలిసిపోతాయి. రంగు ఉన్నా అంకె ఉండాల్సిందే.

చీకట్లో వెతుక్కునేవాళ్ళు తడిమి తెలుసుకునే గుర్తు పెట్టుకోవచ్చు. చిన్న సిలికాన్ రబ్బరు రింగు ఒకటి ఉంటే ఎక్కువ స్ట్రాంగ్, లేకపోతే తక్కువ. గాలి రంధ్రం మీదికి జారకుండా ఉంటే చాలు. ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగి వేడి గాలి కొట్టాలని మాత్రం అనుకోకండి, పాడ్ ప్లాస్టిక్ వంకర పోతుంది.

గళ్ళున్న డబ్బాలో పెట్టి గళ్ళకి పేర్లు రాసుకోవడం చక్కటి అలవాటే, కానీ అది లేబుల్‌కి బదులు కాదు. పాడ్ గడిలోంచి బయటికి వచ్చిన క్షణం దానికి పేరు పోయినట్టే, రెండు పాడ్‌లు ఒకేసారి బయట ఉంటే తిరిగి ఏది ఏ గడిలోకో ఎవరికీ తెలియదు.

ఒకసారి పరీక్ష పెట్టండి

అన్నిటికీ అంటించే ముందు, పారేసే పాడ్ ఒకటి తీసుకుని దాని మీద లేబుల్ వేసి, ఒక రోజు ఆగి, మీరు వాడే లిక్విడ్‌నే ఒక చుక్క సరిగ్గా లేబుల్ అంచు మీద వెయ్యండి. రాత్రంతా వదిలేసి, పొద్దున చేతి తొడుగు వేసుకుని బొటనవేలితో గట్టిగా రుద్దండి. అక్షరం చెదిరితే ఇంకు పనికిరాదు. అక్షరం బాగుండి అంచు లేస్తే జిగురు పనికిరాదు, లేదా తుడవడం సరిపోలేదు. రెండూ నిలబడితే అదే సామాను ఇంక మార్చకండి.

ఇంట్లో పిల్లలుంటే

పండు బొమ్మలు, కార్టూన్లు, మెరిసే స్టిక్కర్లు వద్దు. మామిడికి మామిడిపండు బొమ్మ పెడితే మనకి గుర్తుపట్టడం సులువే, మూడేళ్ళ పిల్లకి కూడా అంతే సులువు, తనకది చాక్లెట్ లాంటిదే. కొన్ని మిల్లీలీటర్ల ఘాటు లిక్విడ్ చిన్నపిల్ల ప్రాణానికి ప్రమాదం. అమెరికాలో ఈ లిక్విడ్ సీసాలకి పిల్లలు తీయలేని మూతలు తప్పనిసరి చేస్తూ 2016లో చట్టమే వచ్చింది. పాడ్‌కి మాత్రం ఉండేది సిలికాన్ మూత, పిల్లల గోటికి వచ్చేస్తుంది. సీసాలోని లిక్విడ్‌ని కంటి చుక్కల సీసాల్లోకో, మందు సీసాల్లోకో ఎప్పుడూ మార్చకండి, ఎంత పెద్ద లేబుల్ వేసినా సరే, కళ్ళు మండిపోతూ తడుముకుంటూ వెతికేవాళ్ళు లేబుల్ చదవరు. నింపిన పాడ్‌లున్న డబ్బా మీద "నికోటిన్, ముట్టుకోవద్దు" అని పెద్దక్షరాలతో రాసి తాళం వేసే చోట పెట్టండి. కుక్కలు, పిల్లులున్న ఇంట్లో కూడా ఇదే. ఎవరైనా మింగితే లక్షణాలు వచ్చేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, లేబుల్ ఉన్న సీసా వెంట తీసుకెళ్ళండి, ఎంత స్ట్రెంగ్తో డాక్టరుకి అదే చెబుతుంది.

లేబుల్ మార్చేటప్పుడు, పాడ్ పారేసేటప్పుడు

కాయిల్ మార్చుకునే రకం పాడ్‌లైతే లేబుల్ ఎక్కువకాలం ఉంటుంది, తేదీ ఒక్కటే మారుతుంది, అందుకే తేదీకి వేరే చిన్న ముక్క అంటించుకుంటే అది మాత్రం పీకి కొత్తది వెయ్యొచ్చు. పాత లేబుల్ ఊడదీశాక జిగురు మిగిలితే, టేపు జిగురు వైపుతో అద్దుతూ లాగుతూ ఉంటే చాలావరకు వచ్చేస్తుంది, మిగిలింది గోరువెచ్చటి సబ్బునీళ్ళ గుడ్డతో. ఇంట్లో జిగురు పోగొట్టడానికి నూనె రాయడం మనకి అలవాటే, ఇక్కడ మాత్రం ఆ చిట్కా వాడొద్దు, మౌత్‌పీస్‌లోకో గాలి దారిలోకో కొంచెం పోయినా ఆ నూనె ఆవిరి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, అది ప్రమాదం.

ఫ్లేవర్ మారుస్తూ అదే పాడ్ కొనసాగిస్తే పాత లేబుల్ మీద కొత్తది అంటించకండి. పైది ఊడితే కిందున్న పాత కోడ్ బయటపడి, లేబుల్ లేనిదానికంటే ఎక్కువ మోసం చేస్తుంది. లేబుల్ పోయిన పాడ్ దొరికితే రుచి చూసి తేల్చుకోకండి, మీకున్నవాటిలో అన్నిటికంటే స్ట్రాంగ్ అదేననుకుని ఖాళీ చేసెయ్యండి. ఖాళీ చేసింది సింకులో పొయ్యకుండా టిష్యూలోకి పీల్పించి, మూత గట్టిగా ఉన్న సంచిలో వేసి, మీ ఊళ్ళో ప్రమాదకర వ్యర్థాలకి ఏ ఏర్పాటు ఉంటే అందులో ఇవ్వండి. పాడ్ పారేసిన రోజే చిట్టాలో ఆ వరస కొట్టెయ్యండి, సీసా మీద కోడ్ మాత్రం లిక్విడ్ అయిపోయేదాకా అలాగే ఉండనివ్వండి.